రాతిమీది పులిజూదం

మన ప్రాచీన క్రీడలను గూర్చి ఎవరు వ్రాయబూనినా చదరంగంతో మొదలుపెట్టి చదరంగంతోనే ముగించడం పరిపాటి. అందుకు కారణం లేకపోలేదు. ఏడవ శతాబ్దినాటి బాణభట్టు హర్షచరితంలో చతురంగం పేరు శ్లేషలో కనిపిస్తుంది. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుని పేర పన్నెండవ శతాబ్దిలో వెలసిన మానసోల్లాసంలో దాని వర్ణన ఉంది. (మా పాలమూరు, నల్లగొండ సీమలను ఏలిన కందూరు చోళులు ఆ చాళుక్యులకే సామంతులు.) కృష్ణరాయలతో చదరంగమాడిన బొడ్డుచెర్ల తిమ్మకవి కథ పండితుల నోట నేటికీ వినవస్తుంది. అన్ని ఆధారాలున్న ఆటకు చరిత్ర వ్రాయడం సులువే.

పులిజూదానికి అంతటి పరివారం లేదు. పులిమేక అనండి, మేకాపులి అనండి, అది అరుగుల మీది ఆట, పసులకాపరుల ఆట. దాని చరిత్ర చాలావరకు బండల మీదనే ఉన్నది. హంపీకి వెళ్లినవారు విరూపాక్షుని దర్శించుకొని, విఠలాలయంలో రాతిరథం చూసి తిరిగి వస్తారు. అక్కడి మండపాల నేలను వంగి చూసేవారు తక్కువ. చూస్తే పులిజూదం గీతలు, దాడి ఆట చతురస్రాలు, వామనగుంటల గుంతలు రాతిలో చెక్కి కనిపిస్తాయి. శాసనం ఉన్న స్తంభానికి అచ్చు తీసుకునే పండితుడు దాని పాదం దగ్గరి ఈ గీతలను దాటి వెళ్లిపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. పన్నెండవ శతాబ్ది గుడి నేలమీద గీత ఉన్నంతమాత్రాన ఆ గీత పన్నెండవ శతాబ్దిది కానక్కరలేదు. పనిలేని భక్తుడెవరో మొన్నమొన్న గీసి ఉండవచ్చు. ఆ గీత మీదనే ఒక గోడ లేచి ఉంటే మాత్రం, గోడకంటే గీత ముందుదని నిశ్చయంగా చెప్పవచ్చు. ఇంతటి సాక్ష్యం అరుదుగా దొరుకుతుంది.

ఆట తెలియనివానికి ఆ గీతలు ఉత్త గీతలే. అందుచేత ఉద్యోగ విరమణ తరువాత కల్వకుర్తిలో ఒక వృద్ధుడైన గొర్రెలకాపరి వద్ద శిష్యరికం చేశాను. చింతగింజలు పదిహేను మేకలు, మూడు పెంకులు పులులు. సుద్దముక్క నాది. పైకొన నుంచి నాలుగు గీతలు విచ్చుకొని కిందికి దిగుతాయి. వాటిని మూడు అడ్డగీతలు కోసి, ఇరుప్రక్కలా కొంచెం బయటికి సాగి, అక్కడ నిలువు గీతలతో ముడిపడతాయి. అడ్డగీత ఒక్కొక్కదానికి ఆరు చొప్పున పద్దెనిమిది, అడుగున నాలుగు, పైకొన ఒకటి, వెరసి 23 స్థానాలు. పులులు పైభాగంలో మొదలవుతాయి. మేకలను ఒక్కొక్కటిగా దించాలి. పదిహేనూ దిగేదాకా ఏ మేకా కదలరాదు. పులి మాత్రం తన వంతు వచ్చినప్పుడల్లా కదులుతుంది, ప్రక్కనున్న మేక మీదుగా దూకి ఆవలి ఖాళీలో వాలి దాన్ని చంపుతుంది. మేకకు దూకే హక్కు లేదు. మూడు పులులకూ కదలిక లేకుండా చేస్తే మేకలది గెలుపు. ఎన్ని మేకలు చస్తే పులిది గెలుపో ఊరికొక లెక్క.

మా గురువుగారు మొదటిరోజే అన్న మాట: "సారూ, పులి దిక్కు జూడొద్దు. మేక ఎన్కనున్న జాగ దిక్కు జూడున్రి."

ఈ ఒక్క మాటలో ఆట రహస్యమంతా ఉన్నది. పులి బలం పులిలో లేదు, మేక వెనుకనున్న ఖాళీలో ఉన్నది. కనుక కొత్తగా నేర్చేవారు అంచుల నుంచి, అడుగు వరుస నుంచి మేకలను దించడం మేలు. గీత అంతమయ్యే చోట నిలిచిన మేక మీదుగా ఆ గీత వెంబడి దూకడానికి తావుండదు. తరువాత మేక వెనుక మేకను నిలుపుకుంటూ పైకి జరగాలి. ఒక్కొక్కప్పుడు ఒక మేకను కావాలనే వదులుకోవాలి. దాన్ని తిన్న పులి వెళ్లి మూల ఇరుక్కుంటుంది. పులిపక్షం పట్టినవారు మూడింటినీ ఒక్కచోట చేరనీయక, నడిమి స్థానాలను విడువకుండా ఆడాలి. పులిగా ఆడడం పూటలో వస్తుంది. మేకగా ఆడడానికి నాకు ఒక వానాకాలం పట్టింది.

చదరంగంలో ఇరుపక్షాలకూ ఒకే సైన్యం. ఇక్కడ బలం ఒకరిది, సంఖ్య మరొకరిది. ఇటువంటి విషమక్రీడ మనకొక్కరికే సొంతం కాదు. స్పెయిన్‌లో పదవ అల్ఫోన్సో రాజు 1283లో పూర్తిచేయించిన ఆటల గ్రంథంలో ఒక కుందేలును పన్నెండుమంది వేటగాండ్రు చుట్టుముట్టే ఆట ఉంది. నేపాలీయుల బాఘ్‌చాల్‌లో నాలుగు పులులు, ఇరవై మేకలు, 25 స్థానాలు. కంప్యూటరుతో దాని ఎత్తులన్నీ గాలించిన పరిశోధకులు ఇరువురూ తప్పులేకుండా ఆడితే ఎవరూ గెలవరని తేల్చారు. అంటే అంతటి బలవంతుని ఎదుట, దూకే హక్కైనా లేని మేకలు సరిసమానంగా నిలుస్తాయన్నమాట! 1989 ఎన్నికల్లో నాటి ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావు ఇదే కల్వకుర్తిలో ఓడినప్పుడు దేశమంతా విస్తుపోయింది. పులిజూదం ఎరిగినవారు అంతగా విస్తుపోయి ఉండరని నా ఊహ.

మా పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘిక చరిత్ర వ్రాసేటప్పుడు కోరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక వంటి కావ్యాలను జల్లెడపట్టి జనుల తిండినీ, బట్టనూ, వినోదాలనూ ఏరి కూర్చారు. 1949లో వెలువడిన ఆ గ్రంథానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. రాజుల యుద్ధాలతో పాటు రచ్చబండ ముచ్చట్లూ చరిత్రేనని ఆయన చూపిన తరువాత కూడా, గుడి నేలమీది గీతలను అచ్చు తీసే పని మనం సరిగా చేపట్టలేదు.

ఈ చుట్టుపక్కల ఒక గ్రామంలో పాత గుడి అరుగుమీద చక్కని పులిజూదం ఉండేది. లోతుగా చెక్కినది, స్థానాలన్నీ వ్రేలికి తగిలేవి. జీర్ణోద్ధరణ పేర దానిపై నున్నని గ్రానైటు పరిచారు. కొలతలైనా తీసుకోలేదు. మీ ఊళ్లలో అటువంటిది ఇంకా మిగిలి ఉంటే, తాపీమేస్త్రీ రాకముందే కాగితం పరిచి, పైన బొగ్గు రుద్ది అచ్చు తీయండి. ప్రక్కన గోడ దాని మీద కూర్చున్నదో, దాన్ని తప్పించుకొని వెళ్లిందో కూడా గుర్తు వ్రాసుకోండి.