రంగూన్ నగర నిర్మాణం: భూమి, పెట్టుబడి, తెలుగు శ్రమ

9.0 లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరవాత మీరు:
• 1852 తరవాత రంగూన్‌లో భూమిపై హక్కు ఎవరికి, ఏ పద్ధతిలో దక్కిందో వివరించగలుగుతారు.
• నగర నిర్మాణంలో చెట్టియార్ల పెట్టుబడికి, తెలుగు కూలీల శ్రమకు ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
• స్వతంత్ర బర్మా విదేశీయుల స్థిరాస్తిపై ఆంక్షలు ఎందుకు విధించిందో విశ్లేషించగలుగుతారు.

9.1 ఉపోద్ఘాతం

సముద్రతీరం, ఓడరేవు, చవకగా దొరికే భూమి, పెరుగుతున్న ఎగుమతులు. ఈ నాలుగూ కలిసిన దేశంలో స్థలాలు కొనడానికి, కట్టడాలు కట్టడానికి మంచి అవకాశాలున్నాయని ఈనాడు వ్యాపార వర్గాలు చెప్పుకోవడం మనం తరచుగా వింటూ ఉంటాం. ఈ మాట కొత్తది కాదు. పందొమ్మిదో శతాబ్దం ద్వితీయార్ధంలో బంగాళాఖాతానికి ఆవలి ఒడ్డున ఉన్న బర్మా సరిగ్గా ఇలాంటి దేశమే. దాని ముఖ్య నగరమైన రంగూన్‌ను మన ఉత్తర కోస్తా పల్లెల్లో 'రంగం' అనేవారు. రంగం పోయి నాలుగు డబ్బులు తెచ్చుకోవాలన్న ఆశతో ఓడ ఎక్కిన కుటుంబాలు గంజాం నుంచి గోదావరి దాకా వేలాదిగా ఉండేవి.

ఒక నగరం లేవాలంటే మూడు కావాలి: స్థలం, డబ్బు, చాకిరీ. రంగూన్‌లో స్థలం ప్రభుత్వానిది, డబ్బు ఎక్కువగా యూరోపియన్, భారతీయ వ్యాపారులది, చాకిరీ అధిక భాగం తెలుగు కూలీలది. ఆ నేలకు చెందిన బర్మీయులకు ఈ మూడింటిలోనూ తగిన పాలు దక్కలేదు. నగరపు ఆస్తి వ్యవస్థ వందేళ్ళ తరవాత ఎందుకు కూలిపోయిందో అర్థం కావాలంటే ఈ పంపకాన్ని పరిశీలించాలి.

9.2 చిత్తడి నేల నుంచి నగరం దాకా

1755లో అలౌంగ్‌పాయా రాజు డగోన్ అనే ఊరికి యాంగోన్ అని పేరు పెట్టాడు. దానినే ఆంగ్లేయులు రంగూన్ అన్నారు. రెండో ఆంగ్లో-బర్మా యుద్ధంలో 1852 ఏప్రిల్‌లో వారు ఈ పట్టణాన్ని పట్టుకున్నారు. అదే సంవత్సరం డిసెంబర్‌లో దిగువ బర్మాను తమ రాజ్యంలో కలుపుకున్నారు. అప్పటికి నదీతీరం చాలావరకు పోటు నీటికి మునిగే చిత్తడి నేల.

కొత్త నగరానికి నమూనా తయారు చేయడంలో ఇద్దరి పేర్లు చెప్పుకోవాలి. ఒకరు సింగపూర్‌లో పనిచేసి వచ్చిన వైద్యుడు మాంట్‌గోమరీ, మరొకరు సైనిక ఇంజనీరు ఫ్రేజర్. సూలే పగోడాను కేంద్రంగా చేసుకుని, నదికి సమాంతరంగా విశాలమైన రహదారులు, వాటిని నిలువుగా కోసే ఇరుకు వీధులతో చదరంగపు బల్లలాంటి నమూనా వేశారు. అంకెలతో పిలిచే ఆ వీధులు నేటికీ యాంగోన్‌లో ఉన్నాయి.

ఇక్కడ గమనించవలసినది భూమికి సంబంధించిన నిర్ణయం. పట్టణంలోని నేల అంతా ప్రభుత్వానిదేనని కొత్త పాలకులు ప్రకటించారు. అంతకుముందు అక్కడ నివసించినవారి హక్కును గుర్తించలేదు. నేలను ప్లాట్లుగా కోసి, స్థానాన్ని బట్టి తరగతులుగా విభజించి అమ్మారు. వచ్చిన సొమ్మును పల్లం పూడ్చడానికి, రోడ్లు, కాలువలు వేయడానికి ఖర్చు పెట్టాలన్నది ఆలోచన. ఖజానాపై భారం పడకుండా నగరం తన ఖర్చు తానే సంపాదించుకోవాలి. పాలకుల దృష్టిలో ఇది తెలివైన పద్ధతి. దాని పర్యవసానం మాత్రం తీవ్రమైనది. తన ఊళ్ళో తన ఇంటి స్థలాన్ని మళ్ళీ డబ్బిచ్చి కొనుక్కోవలసిన స్థితి బర్మీయుడికి వచ్చింది. నగదు చేతిలో ఉన్న బయటివారు మంచి ప్లాట్లు తీసుకున్నారు. బర్మీయులు క్రమంగా నగరపు అంచులకు జరిగారు.

9.3 బియ్యం తెచ్చిన గిరాకీ

ప్లాట్లకు విలువ తెచ్చింది బియ్యం. 1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడంతో యూరప్‌కు సముద్రమార్గం దగ్గరైంది. ఐరావతీ డెల్టాలో అడవులు నరికి వరి వేశారు. 1850ల మధ్యలో దిగువ బర్మాలో వరి సాగు పది లక్షల ఎకరాల లోపే. 1930 నాటికి అది కోటి ఎకరాలకు చేరువైంది. ఈ ధాన్యం అధిక భాగం రంగూన్ మిల్లులకు, అక్కడి నుంచి ఓడలకు చేరేది. బియ్యం ఎగుమతిలో స్టీల్ బ్రదర్స్ వంటి బ్రిటిష్ సంస్థలదే పైచేయి.

జనాభా కూడా అదే వేగంతో పెరిగింది. 1872లో లక్షకు కొద్దిగా తక్కువగా ఉన్న నగర జనాభా 1901లో సుమారు 2.35 లక్షలకు, 1931లో నాలుగు లక్షలకు చేరింది. 1931 జనగణన ప్రకారం అందులో సుమారు 2.13 లక్షల మంది, అంటే సగానికి పైగా, భారతీయులు. బర్మా ముఖ్య నగరంలో బర్మీయులు అల్పసంఖ్యాకులయ్యారు.

ఈ కాలంలోనే నగరం నేటికీ మనకు కనిపించే రూపం దాల్చింది. స్ట్రాండ్ హోటల్ 1901లో మొదలైంది. ఎర్ర ఇటుకల సచివాలయ భవన సముదాయం 1905 నాటికి, హైకోర్టు భవనం 1911 నాటికి పూర్తయ్యాయి. వ్యాపార సంస్థల కార్యాలయాలు, సూరత్ నుంచి వచ్చిన వర్తకుల బజారు, అద్దె ఇళ్ళ వరుసలు వెలిశాయి. విస్తరణ పనుల కోసం 1920 చట్టంతో రంగూన్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఏర్పడింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
రంగూన్ నేలను ప్రభుత్వ ఆస్తిగా ప్రకటించడం వల్ల స్థానికులపై పడిన ప్రభావం ఏమిటి?

9.4 పెట్టుబడి: చెట్టియార్లు

తమిళనాడులోని చెట్టినాడు నుంచి వచ్చిన నాట్టుకోట్టై చెట్టియార్లు రంగూన్‌లోని మొఘల్ వీధిని కేంద్రంగా చేసుకుని వడ్డీ వ్యాపారం నడిపారు. పెద్ద బ్యాంకులు రైతు గడప తొక్కేవి కావు. ఆ ఖాళీని చెట్టియార్లు పూరించారు. డెల్టా రైతు అడవి నరకడానికి, ఎద్దులు కొనడానికి, కోత దాకా బతకడానికి అప్పు వీరి దగ్గరే పుట్టేది.

అప్పుకు హామీ భూమి. బియ్యం ధర బాగున్నంతకాలం చెట్టియారుకు వడ్డీ కావాలి గాని పొలం అక్కర్లేదు. 1930లో ప్రపంచ ఆర్థిక మాంద్యం తగిలి ధర సగానికి పడిపోయాక లెక్క తారుమారైంది. రైతు వడ్డీ కట్టలేకపోయాడు, తాకట్టు భూమి షావుకారు పేరు మీదికి వచ్చింది. దిగువ బర్మాలోని 13 ముఖ్యమైన వరి జిల్లాల్లో 1930లో చెట్టియార్ల చేతిలో ఉన్నది సాగుభూమిలో 6 శాతం. 1937 నాటికి అది 25 శాతం, అంటే దాదాపు 24.5 లక్షల ఎకరాలు.

చెట్టియార్లు భూమిని దోచుకున్నారని ఒక వాదన, చట్టప్రకారమే పొందారని మరొక వాదన ఉన్నాయి. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. పత్రాలు సక్రమమైనవే. అయితే ఆ పత్రాలకు బలమిచ్చిన చట్టాన్ని, కోర్టును బర్మీయ రైతు తనవిగా ఎన్నడూ భావించలేదు.

9.5 శ్రమ: 'కొరంగీలు'

కాకినాడకు సమీపంలోని కోరంగి ఒకప్పుడు పేరున్న రేవు. 1839 నాటి తుపానులో అది తీవ్రంగా దెబ్బతింది. రేవు ప్రాభవం తగ్గినా దాని పేరు బర్మాలో మిగిలింది. అక్కడ తెలుగువారిని 'కొరంగీలు' అని పిలిచేవారు. ఈ పేరు క్రమంగా చిన్నచూపు చూసే మాటగా మారింది. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం వంటి రేవుల నుంచి కూలీలు వెళ్ళేవారు. 1927లో భారతదేశం నుంచి బర్మాకు చేరినవారు నాలుగు లక్షలకు పైగా ఉన్నారు. ఇందులో చాలామంది రెండు మూడేళ్ళు పనిచేసి తిరిగి వచ్చేవారే. 1931లో బర్మాలో ఉన్న తెలుగువారు సుమారు లక్షన్నర.

రేవులో మూటలు మోయడం, బియ్యం మిల్లుల్లో పని, రిక్షా లాగడం, పల్లం పూడ్చడం, ఇటుకలు, సున్నం అందించడం, మురుగు కాలువలు శుభ్రం చేయడం వీరి పనులు. వీరిని పనిలోకి తెచ్చినది మేస్త్రీ పద్ధతి. మేస్త్రీ ఊళ్ళో కొంత సొమ్ము ముందుగా ఇచ్చి, ఓడ ఖర్చు భరించి కూలీని తెచ్చేవాడు. ఆ బాకీ తీరేదాకా కూలీ అతని చెప్పుచేతల్లో ఉండాలి. కంపెనీ ఇచ్చే కూలి డబ్బు కాంట్రాక్టరు, పెద్ద మేస్త్రీ, చిన్న మేస్త్రీ చేతులు దాటి వచ్చేది. చేతికొక కోత పడగా మిగిలిందే కూలీకి చేరేది.

స్థిరాస్తి చరిత్రలో ముఖ్యమైనది వీరి నివాసం. ఇంటి యజమాని ఇంటిని మొత్తంగా మేస్త్రీకి అద్దెకిచ్చేవాడు. మేస్త్రీ తలకింత అని కూలీల నుంచి వసూలు చేసేవాడు. ఎంత ఎక్కువమందిని కుక్కితే అంత లాభం. పగటి పనివాడు లేచి వెళ్ళిన చోట రాత్రి పనివాడు పడుకునేవాడు. ఇంతమంది ఇలా కిక్కిరిసి ఉండటం వల్లనే నగర మధ్యంలో ఇళ్ళ మీద మంచి అద్దె రాబడి వచ్చింది, స్థలం ధర పెరిగింది. అంటే కూలీ రెండు విధాలుగా నగరపు ఆస్తి విలువను పెంచాడు: తన చేతులతో కట్టి, తన అద్దెతో పోషించి. ఆ విలువలో అతని వాటా సున్న. భారతదేశంలో కార్మికుల స్థితిగతులపై 1931లో నివేదిక ఇచ్చిన రాయల్ కమిషన్ రంగూన్ కూలీల పరిస్థితులనూ పరిశీలించింది. ఇ.జె.ఎల్. ఆండ్రూ 1933లో రంగూన్‌లోని భారతీయ శ్రామికులపై ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు.

1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు పని ఆపారు. ఓడ కంపెనీలు వారి స్థానంలో బర్మీయులను పెట్టుకున్నాయి. రాజీ కుదిరి తెలుగువారు తిరిగి రాగానే బర్మీయులను పంపివేశాయి. మే 26న మొదలైన ఘర్షణల్లో వందమందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు భారతీయులే. ఇద్దరు పేదల మధ్య ఒక్క పనిని పెట్టి కంపెనీలు ఒడ్డున నిలిచాయి. బర్మీయుడికి ఎదురుగా కనిపించినది షావుకారు కాదు, సాటి కూలీ.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
మేస్త్రీ పద్ధతికి, నగరంలో అద్దె రాబడికి ఉన్న సంబంధాన్ని వివరించండి.

9.6 ఆస్తి చేతులు మారడం

1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుంచి విడిపోయింది. మరుసటి ఏడాదే మళ్ళీ అల్లర్లు జరిగాయి. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్‌పై బాంబులు వేశాయి. 1942 మార్చిలో నగరం జపాన్ వశమైంది. లక్షలాది భారతీయులు తిరుగుముఖం పట్టారు. డబ్బున్నవారికి ఓడలో, కొందరికి విమానంలో చోటు దొరికింది. మిగిలినవారు అరకాన్, మణిపూర్ కొండదారుల్లో కాలినడకన బయలుదేరారు. దారిలో ఆకలితో, కలరాతో, మలేరియాతో వేలమంది చనిపోయారు.

విదేశీయులకు స్థిరాస్తి బదిలీని నిషేధిస్తూ 1947లో చట్టం వచ్చింది. 1948 జనవరి 4న స్వాతంత్ర్యం రాగా, ఆ ఏడాదే వ్యవసాయ భూముల జాతీయకరణ చట్టం చేశారు. 1953లో దాని స్థానంలో మరో చట్టం తెచ్చారు. 1962లో నీ విన్ సైనిక ప్రభుత్వం అధికారానికి వచ్చాక బ్యాంకులు, దుకాణాలు జాతీయమయ్యాయి. ఆ దశకంలో లక్షలాది భారతీయులు దేశం విడిచారు. తీసుకువెళ్ళే నగల మీద, నగదు మీద ఆంక్షలుండేవి. అలా వచ్చినవారికి ఆశ్రయమిచ్చిన విశాఖపట్నంలోని ఒక ప్రాంతం నేటికీ బర్మా క్యాంపుగానే వాడుకలో ఉంది.

ఈ చట్టాలను కేవలం జాతి ద్వేషంగా చూడటం సరికాదు. 1852లో ఒక్క ప్రకటనతో భూమి చేయి మారింది. అది అన్యాయమని భావించిన జాతి అధికారం తన చేతికి రాగానే అదే పద్ధతిలో వెనక్కు తీసుకుంది. అయితే ఈ సవరణ భారం సమానంగా పడలేదు. చెట్టియారు ఆస్తి కోల్పోయాడు గాని, పత్రం పట్టుకుని పరిహారం అడగగలిగాడు. తెలుగు కూలీకి చూపించడానికి పత్రమే లేదు. అతను పోగొట్టుకున్నది కొన్నేళ్ళ కష్టం, ఒక గూడు, కొన్నిచోట్ల రెండు మూడు తరాల జీవితం.

9.7 నేటి యాంగోన్

2005లో ప్రభుత్వం నేపిడాకు తరలడంతో యాంగోన్‌లోని పాత ప్రభుత్వ భవనాలు అనేకం ఖాళీ అయ్యాయి. 2011 తరవాత సంస్కరణలు మొదలై, విదేశీ పెట్టుబడులతో స్థలాల ధరలు ఒక్కసారిగా పెరిగాయి. అయినా విదేశీయులు భూమికి సొంతదారులు కాలేరు. 2012 పెట్టుబడి చట్టం 50 ఏళ్ళ కౌలుకు, ఆపైన పదేసి ఏళ్ళ చొప్పున రెండుసార్లు పొడిగింపుకు వీలు కల్పించింది. 2016 కండోమినియం చట్టం భవనంలోని అపార్టుమెంట్లలో 40 శాతం వరకు విదేశీయులకు అమ్మనిచ్చింది. ష్వేడగోన్ పగోడా సమీపంలో తలపెట్టిన భారీ నిర్మాణాలను ప్రజల నిరసన కారణంగా 2015లో రద్దు చేశారు. 2021 సైనిక తిరుగుబాటుతో పెద్ద ప్రాజెక్టులు పలుచోట్ల ఆగిపోయాయి.

దేశంలోని భూమి అంతటికీ అంతిమ యజమాని రాజ్యమేనని 2008 రాజ్యాంగం 37వ అధికరణ చెబుతోంది. 1852 నాటి సూత్రం ఇప్పటికీ నిలిచే ఉంది, మారింది రాజ్యం పేరు మాత్రమే.

9.8 సారాంశం

రంగూన్‌లో భూమి విలువ బియ్యంతో పెరిగింది, అప్పుతో చేతులు మారింది, కూలీల శ్రమతో నిలబడింది. స్థానికులను పక్కన పెట్టి ఏర్పడిన ఆస్తి హక్కు, పత్రాలు ఎంత సక్రమంగా ఉన్నా, పాలన మారగానే కదిలిపోయింది. నేడు గల్ఫ్ దేశాల్లో భవనాలు కడుతున్న తెలుగువారు, ఇతర తీరదేశాల్లో స్థలాలు కొనదలచిన తెలుగువారు కూడా ఉన్నారు. వీరిద్దరికీ రంగూన్ చరిత్ర నేర్పేది ఒకటే: ఒక దేశంలో ఉన్న అవకాశాన్ని లెక్కించేటప్పుడు చదరపు గజం ధరతో పాటు, ఆ నేల మీద ఇంతకుముందు ఎవరున్నారో, కట్టేవారికి ఏ హక్కు మిగులుతుందో కూడా లెక్కించాలి.

9.9 పదకోశం

మేస్త్రీ: కూలీలను తెచ్చి, పనిచేయించి, కూలి పంచే మధ్యవర్తి.
స్థిరాస్తి: భూమి, భవనాలు మొదలైన కదలని ఆస్తి.
జాతీయకరణ: ప్రైవేటు ఆస్తిని చట్టం ద్వారా రాజ్యం స్వాధీనం చేసుకోవడం.

9.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

1. రంగూన్ నగరాభివృద్ధికి దారితీసిన ఆర్థిక కారణాలను చర్చించండి.
2. 1930 మాంద్యం దిగువ బర్మా భూ యాజమాన్యాన్ని ఎలా మార్చింది?
3. 'ఆస్తి కోల్పోయినవారు, ఆస్తే లేనివారు ఒకేవిధంగా నష్టపోలేదు.' బర్మా భారతీయుల అనుభవం ఆధారంగా విశ్లేషించండి.