యంత్రం ఎవరిది? ప్రయోగం ఎవరిది?

యంత్రం ఒకచోట, దానితో పనిచేసే మనిషి మరొకచోట వుండడం మన కాలం కనిపెట్టిన వింత కాదు. గణనయంత్రాల చరిత్ర పొడుగునా ఈ ఎడం వున్నది. క్వాంటం కంప్యూటర్‌ను క్లౌడ్ ద్వారా అందరికీ అందుబాటులోకి తెచ్చామన్న ప్రకటనలను చదివేటప్పుడు ఈ చరిత్రను జ్ఞాపకం పెట్టుకోవాలి. లేకుంటే బాడుగను బహుమతిగా పొరబడతాం.

మొదట పూర్వరంగం చూద్దాం. ఐబిఎం సంస్థ చాలాకాలం తన యంత్రాలను అమ్మలేదు, అద్దెకిచ్చింది. యంత్రాలను అమ్మకానికి కూడా పెట్టేటట్లు చేయడానికి 1956లో అమెరికాలో న్యాయస్థానపు ఉత్తరువు కావలసివచ్చింది. 1961లో మసాచూసెట్స్ సాంకేతిక సంస్థలో ఫెర్నాండో కార్బటో బృందం ఒకే యంత్రాన్ని పలువురు ఏకకాలంలో వాడుకునే పద్ధతిని ప్రదర్శించింది. ఆ సంవత్సరంలోనే జాన్ మెకార్తీ, టెలిఫోను మాదిరిగా గణనశక్తి కూడా ఒకనాడు ప్రజోపయోగ సేవ కావచ్చునని వూహించాడు. ఆయన వూహలో సేవ అనే భాగం నిజమయింది. ప్రజలది అనే భాగం మాత్రం ఇప్పటికీ తేలలేదు.

ఇక క్వాంటం సంగతి. ప్రకృతి క్వాంటం నియమాలతో నడుస్తున్నది గనుక దానిని అనుకరించే యంత్రం కూడా ఆ నియమాలతోనే నడవాలన్నది 1981లో రిచర్డ్ ఫైన్‌మన్ ప్రసంగసారం. 1985లో డేవిడ్ డాయిష్ అటువంటి యంత్రానికి సిద్ధాంతరూపం ఇచ్చాడు. పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టే పద్ధతిని 1994లో పీటర్ షోర్ చూపించగానే, ప్రభుత్వాలూ పెట్టుబడిదారులూ చెవులు నిక్కబొడుచుకున్నారు. రహస్యలిపులు ఛేదించగల సాధనం మీద రాజ్యానికి ఆసక్తి కలగడం సహజమే గదా.

2016 మే నెలలో ఐబిఎం తన ప్రయోగశాలలోని అయిదు క్యూబిట్ల యంత్రాన్ని ఇంటర్నెట్ ద్వారా ఉచితంగా వాడుకోనిచ్చింది. పరమశూన్యానికి అతి చేరువ చలిలో వుండే ఆ యంత్రాన్ని కొని పోషించడం సామాన్య విశ్వవిద్యాలయానికి తలకు మించిన పని. అటువంటిదానిని దూరాన వున్నవారు కూడా నడపగలిగారు. ఆ సంవత్సరంలోనే జపానులోని రైకెన్ సంస్థలో వున్న సైమన్ డెవిట్, అంతకు ముందు ఎవరూ చేసి చూపని నాలుగు ప్రయోగాలను ఈ విధంగా జరిపి ప్రకటించాడు. బార్సిలోనాలో అల్సీనా, లటోరె అనే ఇద్దరు మెర్మిన్ అసమానతలను ఆ యంత్రం మీదనే పరీక్షించారు. 2018లో ఓక్ రిడ్జ్ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు, రెండు కంపెనీల యంత్రాలను క్లౌడ్ ద్వారా వాడి డ్యూటెరాన్ కేంద్రకపు బంధనశక్తిని లెక్కగట్టారు. ఇది నిజమైన అభ్యుదయం. దీనిని తక్కువ చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను.

అయితే ఆ పని జరిగే తీరు చూడండి. మనం ద్వారాల వరుస రాసి పంపుతాం. అది క్యూలో నిలబడుతుంది. వంతు రాగానే అక్కడి పరికరాలు దానిని సూక్ష్మతరంగ స్పందనలుగా మార్చి క్యూబిట్ల మీదికి పంపుతాయి. ఒకే ప్రయోగం వందల వేల మార్లు జరిగి, ఏ ఫలితం ఎన్నిమార్లు వచ్చిందో అంకెలు తిరిగి వస్తాయి. రెండు క్యూబిట్లను ముడివేసే చిన్న ప్రయోగాన్ని నేను విద్యార్థులచేత చేయించాను. సిద్ధాంతం ప్రకారం రెండూ సున్నాలో, రెండూ ఒకట్లో రావాలి. అక్కడక్కడా ఒకటీ సున్నా కలిసి వచ్చాయి. ఎందుకని పిల్లలు అడిగారు. యంత్రంలోని రొద అని చెప్పగలం. కాని ఆ రొద ఏ తీగలోనిదో వెతకడానికి మూత విప్పే హక్కు మనకు లేదు. ప్రయోగశాస్త్రం సగం నేర్చుకునేది ఆ మూత విప్పినప్పుడే.

అద్దెదారు హక్కు ఎంత పలచనిదో మరొక విషయం చెబుతుంది. వాడకందారులు సూక్ష్మతరంగ స్పందనలను స్వయంగా మలచుకునే వీలును ఐబిఎం కొంతకాలం ఇచ్చి, 2025 ఫిబ్రవరిలో తీసివేసింది. సాంకేతిక కారణాలు వుండవచ్చు. కాని ఆ నిర్ణయం చేసినవాడు యజమాని, వాడకందారు కాదు. పైగా 2024లో అమెరికా ప్రభుత్వం క్వాంటం కంప్యూటర్ల ఎగుమతి మీద ఆంక్షలు విధించింది. యంత్రం ఎవరి నేల మీద వుంటే తాళంచెవి వారి చేతిలో వుంటుంది.

ఈ పాఠం మన దేశానికి కొత్తది కాదు. ఇతర దేశాలలో వాడి వదిలిన యంత్రాలను బాగుచేసి మనకు అద్దెకిచ్చిన ఐబిఎం, విదేశీ వాటాను తగ్గించుకోవలసివచ్చినప్పుడు 1978లో దేశం విడిచి వెళ్లింది. లెక్కలు ఆగిపోలేదు. ఆ యంత్రాల మరమ్మతును ప్రభుత్వరంగంలోని కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ చేపట్టింది. 1960లోనే బొంబాయిలోని టాటా పరిశోధనాసంస్థ సొంత యంత్రం కట్టుకున్నది. హైదరాబాదులో 1967లో స్థాపించిన ఇసిఐఎల్ టిడిసి యంత్రాలను తయారుచేసింది. అవి ప్రపంచంలోకెల్లా వేగవంతమైనవి కావు. కాని వాటి మూత విప్పిన చేతులు మనవి.

నేడు 2023 నాటి జాతీయ క్వాంటం మిషన్‌కు ఆరువేల కోట్ల రూపాయలకు పైగా కేటాయింపు వున్నది. అమరావతిలో 156 క్యూబిట్ల ఐబిఎం యంత్రాన్ని నెలకొల్పే ఒప్పందాన్ని 2025లో ప్రకటించారు. యంత్రం మన నేల మీదికి రావడం మంచిదే. కాని నేల మారినంత మాత్రాన యాజమాన్యం మారదు. అందులో జిల్లా కళాశాల విద్యార్థికి ఎన్ని గంటలు? మరమ్మతు నేర్పేది ఎవరికి? ఫలితాలు ఎవరి ఆస్తి? ఈ ప్రశ్నలకు ఒప్పందాలలోనే జవాబు రాయించుకోవాలి.

క్లౌడును బహిష్కరించమని నేను అనడం లేదు. దొరికిన ప్రతి నిమిషాన్నీ వాడుకుందాం, ప్రయోగాలు చేద్దాం, ఫలితాలను అందరికీ పంచుదాం. దానితోపాటే యంత్రం కట్టే విద్య మన ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో పాదుకొనాలని పట్టుబడదాం. అద్దె యింట్లో చదువుకోవచ్చు. ఆ చదువు సొంత యిల్లు కట్టడానికి పనికివచ్చేదిగా వుండాలి.