నీలి కుండ నుంచి కరెంటు పొర దాకా

అనిలిన్ రంగు అంటే మన పెద్దవాళ్ళకు తెలియనిది కాదు. ఆ పేరులో ఉన్నది మన నీలే. సంస్కృతంలోని ‘నీల’ అరబ్బుల నోట ‘అన్నీల్’, పోర్చుగీసువాళ్ళ నోట ‘అనిల్’ అయింది. 1826లో జర్మనీవాడు ఉన్‌ఫెర్‌డోర్బెన్ నీలిమందును బట్టీలో కాచి తీసిన నూనెలాంటి ద్రవానికే తర్వాత అనిలిన్ అని పేరు పెట్టారు. 1856లో లండన్‌లో పద్దెనిమిదేళ్ళ పెర్కిన్ మలేరియా మందు చేయబోయి, దాంట్లోంచి ఊదారంగు తీశాడు.

అక్కడినుంచి మనకు కష్టకాలం. 1897లో జర్మనీ కంపెనీ బీఏఎస్‌ఎఫ్ ఫ్యాక్టరీ నీలిని బజారుకు తెచ్చింది. కడప, ఆర్కాడు సీమల నీలి సేద్యం చితికిపోయింది. నీలి కుండ పులియబెట్టే చేతివాసీ దాంతోనే పోయింది. అద్దకం చరిత్ర చెప్పేవాళ్ళు మామూలుగా ఇక్కడే ఆపేస్తారు. అసలు సంగతి ఇంకా ఉంది.

1863లో ఇంగ్లండులో లైట్‌ఫుట్ అనే అద్దకపువాడు అనిలిన్ నలుపుకు పేటెంటు తీసుకున్నాడు. ఈ రంగును తయారుచేసి తెచ్చి నూలుకు పట్టించరు. అనిలిన్ ఉప్పులో తడిపిన నూలును వెచ్చటి తేమగాలిలో ఆరవేస్తే ముందు పచ్చబడి, ఆ తర్వాత నల్లబడుతుంది. రంగు నూలులోపలే పుడుతుంది, అందుకే ఉతికినా దిగదు. మనం అచ్చు అతికేటప్పుడు కొసకు కొస కలుపుతామే, అట్లా అనిలిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడుగు గొలుసు అవుతాయి. పాలిమర్ అంటే అదే. ఒక్కటే తంటా: పులుపు గాలి తగిలితే నల్లబట్ట పచ్చబడేది. అద్దకపువాళ్ళకు అది పెద్ద తలనొప్పి.

ప్లాస్టిక్‌లో కరెంటు పారదని అందరూ అనుకునే కాలంలో, 1977లో, షిరాకావా, మెక్‌డయార్మిడ్, హీగర్ ఒక పాలిమర్ పొరకు అయోడిన్ పట్టించి కరెంటు పారించారు. ముగ్గురికీ 2000లో నోబెల్ వచ్చింది. మెక్‌డయార్మిడ్ తర్వాత పట్టుకున్నది మన పాత అనిలిన్ గొలుసునే, అంటే పాలీఅనిలిన్‌ను. యాసిడ్‌లో అది పచ్చగా ఉండి కరెంటు పారిస్తుంది. క్షారం తగిలితే నీలంగా మారి ఆపేస్తుంది. అద్దకపువాడు తిట్టుకున్న పచ్చదనం లాబొరేటరీవాడికి కావలసిన గుణమైంది! బ్యాటరీలలో, కరెంటు నిలవచేసే కెపాసిటర్లలో వాడటానికి దీని పలచటి పొరల మీద ఇప్పటికీ పరిశోధన నడుస్తోంది.

ఎండనుంచి కరెంటు తీయడంలోనూ రంగు పనికొచ్చింది. ఇక్కడ మన తెలుగు నేల మనిషి ఉన్నాడు. ఉస్మానియాలో కెమిస్ట్రీ చదివి డాక్టరేటు చేసిన ఎం.కె. నజీరుద్దీన్ 1987లో స్విట్జర్లాండులోని లోజాన్ వెళ్ళి గ్రాట్జెల్ దగ్గర చేరాడు. 1991లో గ్రాట్జెల్, ఓరీగన్ చూపించిన రంగు సోలార్ సెల్‌కు, 1993లో నజీరుద్దీన్ బృందం రుథేనియం అనే లోహంతో చేసిన రంగు పది శాతం సామర్థ్యం తెచ్చింది. పెయింటులో వాడే తెల్లపొడి, టైటానియం డయాక్సైడ్, దాన్ని గాజు మీద వెంట్రుకకన్నా పలచగా పూస్తారు. ఆ గాజును రాత్రంతా రంగునీళ్ళలో నానవేస్తారు. రంగు ఎండను పట్టి, కరెంటును తెల్లపొరలోకి వదులుతుంది. ధర్మపురి, సేలం వైపు సాయపట్టరైలో పనిచేసినవాళ్ళకు ఈ పని చూస్తే నవ్వు వస్తుంది, అంత తెలిసిన పని.

మన ఇంటికప్పుల మీద ఇప్పుడున్నవి సిలికాన్ పలకలే. రంగు సెల్‌లో ద్రవం కారుతుంది, రుథేనియం ఖరీదు ఎక్కువ. రంగు పొరను వదలకుండా పట్టుకోవడానికి నజీరుద్దీన్ బృందం అణువుకు యాసిడ్ కొక్కేలు పెట్టింది. మనవాళ్ళు అదే పనికి నూలుకు పటిక, కరక్కాయ పట్టించేవాళ్ళు.