నక్షత్ర లోకాల్లోనూ మన పోలికలేనా?

1964 ఫిబ్రవరి 21. అమెరికా నుంచి వెలువడే 'సైన్స్' పత్రికలో జార్జ్ గేలార్డ్ సింప్సన్ వ్యాసం అచ్చయింది. గుర్రం వంశ చరిత్రను శిలాజాల్లో చదివి లోకానికి చెప్పిన శాస్త్రవేత్త ఆయన. మనిషిని పోలిన జీవులు విశ్వంలో ఇంకెక్కడైనా ఉంటారనుకోవడానికి ఆధారం లేదని, ఆ అవకాశం లేదనదగినంత తక్కువని ఆ వ్యాసంలో వాదించాడు. సరిగ్గా పందొమ్మిది రోజులకు, మార్చి 11న, జీన్ రాడెన్‌బెరీ అనే టీవీ రచయిత పదహారు పేజీల ప్రతిపాదన సిద్ధం చేశాడు. ఒక అంతరిక్ష నౌక గ్రహం తర్వాత గ్రహం చుట్టి వస్తుంటుంది. అక్కడ ఎదురయ్యేవాళ్లు చాలావరకు మనలాగే ఉంటారు. ఆ ప్రతిపాదన పేరు 'స్టార్ ట్రెక్'.

ఈ అరవై ఏళ్లలో తెర మీదికి వచ్చిన గ్రహాంతరవాసులను తలచుకున్నప్పుడల్లా నాకు ఆ రెండు రాతలే గుర్తొస్తాయి. మనలాగే ఎందుకన్న ప్రశ్నకు రాడెన్‌బెరీ దాపరికం లేకుండా జవాబు రాశాడు. మన భూమిలాంటి గ్రహాలే అనుకుంటే మామూలు నటులతో, దొరికిన సెట్లతో, దొరికిన దుస్తులతో పని జరిగిపోతుంది. వారం వారం కొత్త లోకం చూపించాల్సిన వాడికి అంతకన్నా దారి లేదు.

ఆ దారిలో పుట్టినవాడే ఆ నౌకలోని గ్రహాంతరవాసి స్పాక్. మొదట ఆయన ఒంటికి ఎర్రటి రంగు పూయాలనుకున్నారు. అప్పట్లో చాలా ఇళ్లలో ఉన్నవి బ్లాక్ అండ్ వైట్ టీవీలు, వాటిలో ఎరుపు నల్లగా కనిపిస్తుంది. అందుకని పసుపు ఛాయకు మారారు. మిగిలింది చెవులు. ఆ వేషం వేసిన లెనార్డ్ నిమోయ్ చెవులకు రబ్బరు కొసలు అతికించి చూశారు, నప్పలేదు. మళ్లీ చేశారు. మేకప్ మనిషి ఫ్రెడ్ ఫిలిప్స్ పట్టు వదలకుండా తిరిగి, చివరికి అతుకు కనిపించని జత చేయించాడు. ఇంత కష్టపడితే, సీరియల్‌ను ప్రసారం చేసే ఎన్‌బీసీ వాళ్లు తమ ప్రచార పుస్తకంలో ఆ చెవుల కొసలను, పైకెగసిన కనుబొమ్మలను రంగుతో చెరిపేసి, గుండ్రటి మనిషి చెవులు దిద్ది అచ్చువేశారు. స్పాక్ దయ్యంలా ఉన్నాడని జనం జడుసుకుంటారని వాళ్ల భయం. అంగుళం కొస కూడా ఎక్కువైందన్నమాట. 1966 సెప్టెంబరు 8న సీరియల్ మొదలైంది. కొద్ది నెలల్లోనే ఆ చెవులే దాని గుర్తయ్యాయి. ఎనభైల్లో దూరదర్శన్‌లో చూసిన మనవాళ్లకు కూడా కథలు మరుపున పడ్డా ఆ చెవులు మాత్రం గుర్తుంటాయి.

పుస్తకాలకు ఈ ఇబ్బంది లేదు. కాగితం మీద ఎన్ని కాళ్లు పెట్టినా ఖర్చు ఒకటే. 1898లో హెచ్.జి. వెల్స్ తెచ్చిన అంగారకవాసులకు నాలుగడుగుల తలకాయ, నోటి చుట్టూ పదహారు స్పర్శకాలు, ఇంకేమీ లేదు. అయితే అదే నవలలో ఆయన ఒక మాట చెబుతాడు. వాళ్లు ఒకప్పుడు మనలాంటి వాళ్లే అయి ఉండొచ్చట. మెదడూ చేతులూ పెరిగి, మిగతా ఒళ్లంతా కరిగిపోయి అలా మిగిలారట. ఆ భయంకరమైన రూపం వెనక కూడా ఉన్నది మనిషే! 1912లో ఎడ్గార్ రైస్ బరోస్ అంగారకం మీద ఒక రాకుమారిని సృష్టించాడు. అచ్చం మన ఆడపిల్లే, కాకపోతే గుడ్లు పెడుతుంది. మనిషి రూపాన్ని నిజంగా వదిలి వెళ్లినవాళ్లలో నాకు బాగా నచ్చేది హాల్ క్లెమెంట్. 1953లో ఆయన ఊహించిన మెస్‌క్లిన్ గ్రహం మీద ధ్రువాల దగ్గర ఆకర్షణ శక్తి భూమికి కొన్ని వందల రెట్లు. అక్కడ నిలబడితే నలిగిపోవడమే. కాబట్టి అక్కడి నావికుడు బార్లెన్నన్ జెర్రిలా నేలకు కరచుకుపోయి, మూరెడు పొడవుంటాడు. గ్రహాన్ని బట్టి ఒళ్లు! అలా ఆలోచించినవాళ్లు తక్కువ.

సింప్సన్ చెప్పిందీ దాదాపు అదే. పరిణామం అంటే చరిత్ర. ఒకదాని మీద ఒకటిగా పేరుకున్న లెక్కలేనన్ని సంఘటనలు ఇంకో గ్రహం మీద అదే వరుసలో మళ్లీ జరగవు. ఆయన వ్యాసం వచ్చిన చాలా కాలానికి గ్రీన్‌లాండ్ రాళ్లలో దీనికి చక్కని సాక్ష్యం దొరికింది. అకాంథోస్టెగా అనే జీవి సుమారు 36 కోట్ల ఏళ్ల కిందటిది. చేపల నుంచి నాలుగు కాళ్ల జంతువులు విడిపడుతున్న కాలం అది. 1990లో జెన్నీ క్లాక్, మైకేల్ కోట్స్ దాని ముంగాలిని పరీక్షించి చూస్తే ఎనిమిది వేళ్లు లెక్కకు వచ్చాయి. అదే కాలపు ఇంకో జీవి ఇక్తియోస్టెగా వెనక కాలికి ఏడు. అయిదు అన్న లెక్క తర్వాతెప్పుడో స్థిరపడింది. ఒక్కసారి మీ అరచేయి చాపి చూసుకోండి. ఈ భూమి మీదే తప్పనిసరి కాని అయిదు వేళ్లు, వేరే సూర్యుడి కింద పుట్టినవాడికి ఎందుకుండాలి?

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. సొరచేప, డాల్ఫిన్, ఎప్పుడో అంతరించిన ఇక్తియోసార్... ఈ మూడింటివీ వేర్వేరు వంశాలే అయినా నీళ్లలో ఈదడానికి ఒకే ఆకారానికి వచ్చాయి. ఆక్టోపస్ కన్నూ మన కన్నూ విడివిడిగా పుట్టి ఒకే తీరుగా తయారయ్యాయి. బ్రిటిష్ శిలాజ శాస్త్రవేత్త సైమన్ కాన్వే మోరిస్ 2003లో ఈ దారినే ఒక పెద్ద పుస్తకం రాశాడు. గౌరవించదగిన వాదనే. కానీ కన్ను ఒకటవడం వేరు, ఒళ్లంతా ఒకటవడం వేరు. అదే ఆక్టోపస్‌కు ఎనిమిది చేతులున్నాయి కదా!

స్టార్ ట్రెక్ వాళ్లనూ ఈ ప్రశ్న వదల్లేదు. 1993లో 'ది చేజ్' అనే ఎపిసోడ్‌లో జవాబు చెప్పారు. కోట్ల ఏళ్ల కిందట ఒక ప్రాచీన జాతి తన బీజాన్ని ఎన్నో గ్రహాల మీద చల్లిందని, అందుకే అందరికీ ఒకే పోలిక వచ్చిందని. అందమైన కథ. తగాదాపడే జాతులన్నీ అన్నదమ్ములేనన్న భావన కూడా గొప్పదే. కానీ డబ్బు లేక చేసిన పనికి ముప్ఫై ఏళ్ల తర్వాత కట్టిన వంశవృక్షం అది.

సినిమాల్లోనూ ఇదే తంతు. 'ఏలియన్'లో వణికించిన జీవి తొడుగు లోపల ఉన్నది బొలాజీ బడేజో అనే దాదాపు ఏడడుగుల నైజీరియా యువకుడు. హిందీ సినిమా 'కోయీ మిల్ గయా'లో గ్రహాంతరవాసి జాదూ బొమ్మ లోపల ఇంద్రవదన్ పురోహిత్. లోపల మనిషి ఉన్నంతకాలం బయట మనిషి ఆకారం తప్పదని, ముఖం లేకపోతే ప్రేక్షకుడి మనసు కదలదని సినిమావాళ్లు అంటూ వచ్చారు. ఆ మాటను నేను ఒప్పుకోను. ఒప్పుకోకపోవడానికి కారణం స్టార్ ట్రెక్కే.

1967 మార్చి 9న వచ్చిన ఎపిసోడ్ అది. ఒక గని గ్రహం మీద ఏదో జీవి యాభై మందికి పైగా కార్మికులను చంపేసింది. దాని పేరు హోర్టా. కళ్లు లేవు, నోరు లేదు, ముఖమే లేదు. కరిగిన రాతిముద్దలాంటి ఒళ్లు. యానోష్ ప్రొహాస్కా అనే హంగరీ స్టంట్ మనిషి ఆ తొడుగు కింద మోకాళ్ల మీద పాకుతూ నటించాడు. గాయపడ్డ హోర్టా మనసును స్పాక్ తాకినప్పుడు కథ తిరగబడుతుంది. గనిలో కార్మికులు వేలకొద్దీ పగలగొట్టిన గుండ్రటి రాళ్లు దాని గుడ్లు. తన జాతిలో మిగిలిన ఒకే ఒక్క తల్లి అది. నౌకలోని డాక్టర్ దాని గాయానికి సిమెంటు మెత్తి కట్టుకడతాడు. ఆ దృశ్యంలో ఆ రాతిముద్ద మీద కలిగే జాలి, చక్కని ముఖాలున్న ఎంతోమంది గ్రహాంతరవాసుల మీద నాకు కలగలేదు.

ఆ ఎపిసోడ్ పేరు 'ది డెవిల్ ఇన్ ది డార్క్'. మొదటి సీజన్‌లో ఇరవై అయిదోది. గంట కూడా పట్టదు. ఈ ఆదివారం పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. అయ్యాక, వేరే లోకపు జీవిని ఒకదాన్ని బొమ్మ గీయమని వాళ్లకు కాగితం ఇవ్వండి. కాళ్లెన్నో మాత్రం మీరు చెప్పకండి.