సీనియారిటీ జాబితాల విలీనం: బిలాస్‌పూర్ రైల్వే, విమానయాన సంస్థలు

ఒకే హోదాలో పనిచేసేవారిలో ఎవరు ముందో ఎవరు వెనకో తెలుపుతూ యాజమాన్యం ప్రకటించే వరుసే సీనియారిటీ జాబితా. రైలు నడిపే లోకో పైలట్‌కైనా, విమానం నడిపే పైలట్‌కైనా పదోన్నతి ఎప్పుడు వస్తుంది, మంచి డ్యూటీ ఎవరికి పడుతుంది, మిగులు సిబ్బందిగా తేలేది ఎవరు అన్నవి చాలావరకు ఈ వరుసను బట్టే ఉంటాయి. రెండు సంస్థలు కలిసినా, ఒకటి రెండుగా చీలినా దీన్ని మళ్ళీ రాయాలి. తగాదా మొదలయ్యేది అక్కడే.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ఇలాంటి మార్పులు ఎన్నో చూసింది. 1887లో ఏర్పడ్డ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) నాగ్‌పూర్–అసన్‌సోల్ ప్రధాన మార్గాన్ని 1891లో పూర్తి చేసింది. కట్నీ లైను ఇక్కడ విడిపోవడంతో బిలాస్‌పూర్ జంక్షనైంది, రైల్వే కాలనీలు వెలిశాయి. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్రకు దారి దగ్గరైంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి రైల్వే పనికి వచ్చిన తెలుగు కుటుంబాలు తరాల తరబడి ఇక్కడే స్థిరపడ్డాయి.

ఈ కుటుంబాలు ఊరు కదలకుండానే వారి యజమాని పేరు మాత్రం మారుతూ వచ్చింది. 1944 అక్టోబరులో బి.ఎన్.ఆర్. ప్రభుత్వపరమైంది. 1952 ఏప్రిల్ 14న ఈస్ట్ ఇండియన్ రైల్వేలో అధిక భాగంతో కలిసి తూర్పు రైల్వే అయింది. 1955 ఆగస్టు 1న మళ్ళీ విడిపోయి, కలకత్తాలోని గార్డెన్ రీచ్ కేంద్రంగా ఆగ్నేయ రైల్వేగా మారింది. ఆ తర్వాత కొత్త రైల్వే జోన్ కేంద్రం మా ఊళ్ళోనే ఉండాలని బిలాస్‌పూర్ పట్టుబట్టింది. 1996 జనవరిలో ఆ ఆందోళన హింసకు దారితీసింది. చివరికి 2003 ఏప్రిల్‌లో బిలాస్‌పూర్, రాయపూర్, నాగ్‌పూర్ డివిజన్లతో ఆగ్నేయ మధ్య రైల్వే పని మొదలుపెట్టింది. వాల్తేరు డివిజన్ భువనేశ్వర్ కేంద్రంగా ఉన్న తూర్పు తీర రైల్వేలోకి వెళ్ళింది.

జోన్ చీలిన తీరులో ఒక మెలిక ఉంది. లోకో పైలట్ల సీనియారిటీకి యూనిట్ జోన్ కాదు, డివిజన్. డివిజన్ ముక్కలవకుండా ఒక జోన్ నుంచి మరో జోన్‌కు వెళ్తే జాబితా కూడా చెక్కుచెదరకుండా దానితోనే వెళ్తుంది. లాబీలో డ్యూటీకి సంతకం పెట్టే మనిషికి పైన బోర్డు మీది పేరు మారుతుందే తప్ప ముందూ వెనకా ఉన్నవాళ్ళు మారరు. జోన్ విభజనలో ప్రధానంగా కదిలింది ప్రధాన కార్యాలయ ఉద్యోగుల వరుస. కొత్త కార్యాలయాల్లో పనిచేసేందుకు వారి నుంచి ఆప్షన్లు తీసుకున్నారు. డివిజన్ హద్దే మారినచోట సంగతి వేరు. బిలాస్‌పూర్ నుంచి విడదీసిన రాయపూర్‌ది అదే పరిస్థితి. కొత్త డివిజన్ అంటే సిబ్బంది పంపకం, కొత్త జాబితా.

బదిలీలను భారతీయ రైల్వే ఎస్టాబ్లిష్‌మెంట్ మాన్యువల్ రెండు రకాలుగా చూస్తుంది. పాలనా అవసరం కోసం పంపితే, ఆ హోదాలో నియామకం లేదా పదోన్నతి జరిగిన తేదీని బట్టి సీనియారిటీ నిలుస్తుంది (311వ పేరా). ఉద్యోగే కోరుకుని వెళ్తే కొత్త యూనిట్‌లో ఆ హోదాలో ఉన్న అందరి కింద చేరాలి (312వ పేరా). దీన్నే సిబ్బంది బాటమ్ సీనియారిటీ అంటారు. తల్లిదండ్రులను చూసుకోవడానికి బిలాస్‌పూర్ నుంచి వాల్తేరు వెళ్ళాలనుకునే లోకో పైలట్ తరచు నియామక హోదాకు దిగడానికి కూడా ఒప్పుకోవాలి. 2003కి ముందు రెండూ ఒకే జోన్‌లో ఉన్నా డివిజన్లు వేరు కనుక ఈ నష్టం అప్పుడూ ఉండేది. ఇప్పుడు అదనంగా రెండు జోన్ల అనుమతి కావాలి. పరస్పరం చోటు మార్చుకునేందుకు మరో ఉద్యోగి (మ్యూచువల్) దొరికితే కొంత నయం, ఇద్దరిలో తక్కువ సీనియారిటీయే దక్కినా.

సర్వీసుల విలీనానికి కొలమానాలు 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో తయారయ్యాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన నవంబరు 1నే బిలాస్‌పూర్ కొత్త మధ్యప్రదేశ్‌లో భాగమైంది. అక్కడి ఇంజనీర్ల జాబితాపై నడిచిన యూనియన్ ఆఫ్ ఇండియా, పి.కె. రాయ్ కేసులో పోస్టుల సమానతను తేల్చే నాలుగు ప్రమాణాలను సుప్రీంకోర్టు ప్రస్తావించింది: విధుల స్వభావం, అధికార బాధ్యతల పరిధి, కనీస అర్హతలు, జీతం. మొదటి మూడూ సమానమైతే జీతంలో తేడా ఒక్కటే అడ్డు కాదని 1999లో ఎస్.ఐ. రూప్‌లాల్ కేసులో తీర్పు వచ్చింది.

రైల్వే సంఘాలు పెద్ద పోరాటాలు చేసింది ఎక్కువగా పని గంటలు, జీతాల మీద. 1973 ఆగస్టులో లోకో రన్నింగ్ సిబ్బంది 10 గంటల డ్యూటీ కోసం సమ్మె చేశారు. 1974 మే నెలలో దేశవ్యాప్త రైల్వే సమ్మె జరిగింది. సీనియారిటీ వివాదంలో సంఘం ఒక పక్షం వహించడం కష్టం. జాబితాలో పైకి పోయేవాడూ కిందికి దిగేవాడూ ఇద్దరూ చందా కట్టిన సభ్యులే.

మన విమానయానంలో ఆ ఇబ్బంది లేదు, అందుకే గొడవ పెద్దది. 1953లో హైదరాబాద్ బేగంపేట కేంద్రంగా నడిచిన డెక్కన్ ఎయిర్‌వేస్ సహా ఎనిమిది సంస్థల సర్వీసులతో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏర్పడింది. 2007లో అది ఎయిర్ ఇండియాతో కలిసినప్పుడు ఒక్కో పక్షానికీ సొంత సంఘం ఉంది: ఇండియన్ ఎయిర్‌లైన్స్ వైపు ఇండియన్ కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్, ఎయిర్ ఇండియా వైపు ఇండియన్ పైలట్స్ గిల్డ్. జీత సమానత్వం కోసం 2011లో మొదటిది సమ్మెకు దిగింది. బోయింగ్ 787 శిక్షణ ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లకూ ఇవ్వడంపై 2012లో రెండోది 58 రోజులు సమ్మె చేసింది. మధ్యలో సిబ్బంది విలీనంపై జస్టిస్ ధర్మాధికారి కమిటీ నివేదిక వచ్చినా కాక చల్లారలేదు. విలీనమైన అయిదేళ్ళకు కూడా ఒక విమానం ఎవరిదన్న ప్రశ్న మిగిలి ఉందంటే, పని పూర్తికాని విలీనమనే చెప్పాలి.

అమెరికాలో ప్రాంతీయ సంస్థలైన అలెగెనీ, మోహాక్ 1972లో కలిసినప్పుడు, జాబితాలను న్యాయంగా కలపాలి, కుదరకపోతే మధ్యవర్తికి వదలాలి అన్న షరతు పుట్టింది. 2007లో అది చట్టమైంది. కానీ మధ్యవర్తి చెప్పినంత మాత్రాన తగాదా తీరదు. 2005లో యు.ఎస్. ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ కలిశాక మధ్యవర్తి తీర్పు నచ్చని వర్గం పాత సంఘాన్ని తొలగించి 2008లో వేరే సంఘం తెచ్చుకుంది.

రైల్వేలో డివిజన్ హద్దు కదిలిన తాజా ఉదాహరణ వాల్తేరు. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వేను 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం వాల్తేరు డివిజన్‌ను రెండుగా విభజించింది. పలాస–విశాఖపట్నం–దువ్వాడ సహా సుమారు 410 కిలోమీటర్లు విశాఖపట్నం డివిజన్ పేరుతో కొత్త జోన్‌కు దక్కాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బచేలీ దాకా వెళ్ళే కొత్తవలస లైను సహా సుమారు 680 కిలోమీటర్లు తూర్పు తీర రైల్వేలోని రాయగడ డివిజన్‌కు వెళ్ళాయి.