ఇది చదవవే!

మొన్న ఆదివారం మా మనవరాలు హాస్టల్ నుంచి వచ్చీ రాగానే బ్యాగు సోఫాలో పడేసి, "అమ్మమ్మా! మా కాలేజీలో వచ్చేవారం ఒక్కొక్కరూ తమకి నచ్చిన నవల ఒకటి చెప్పి, ఎందుకు నచ్చిందో మూడు నిమిషాలు మాట్లాడాలిట. నువ్వొకటి చెప్పెయ్యి, బట్టీ పట్టేస్తాను" అంది.

"నచ్చేది నాకూ, మాట్లాడేది నువ్వూనా? బాగానే ఉంది వరస!" అన్నాను.

నవ్వుకున్నాం గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నచ్చిన నవల గురించి మాట్లాడమని కాలేజీవాళ్ళే పిలిచి అడుగుతున్నారంటే వింతగా అనిపించింది. మా రోజుల్లో నచ్చిన నవల పేరు చెవిలో చెప్పుకునేవాళ్ళం.

అసలు మన తెలుగులో నవల పుట్టినప్పుడు ఎవరూ దాన్ని దాచుకోలేదు. కందుకూరి వీరేశలింగంగారి 'రాజశేఖర చరిత్రము' 1878లో ఆయన పత్రిక 'వివేకవర్ధని'లో వచ్చింది. 1880లో పుస్తకమైంది. గోల్డ్‌స్మిత్ రాసిన ఇంగ్లీషు నవల ఆయనకి దారి చూపినా, ఊరూ మనుషులూ మూఢనమ్మకాలూ అన్నీ గోదావరి ఒడ్డువే. 1874లోనే ధవళేశ్వరంలో ఆడపిల్లలకి బడి పెట్టిన మనిషి, 1883లో ఆడవాళ్ళ కోసం 'సతీహితబోధిని' నడిపిన మనిషి. చదువు నేర్పినవాడు చదువుకోవడానికేదైనా చేతికివ్వాలి కదా! అలా మన నవల మంచి నడవడి నేర్పే పెద్దమనిషిలా గుమ్మంలోంచి దర్జాగా ఇంట్లోకి వచ్చింది.

పెరటిదారిన రావడం తర్వాత మొదలైంది. 1922లో వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి'ని దొరల ప్రభుత్వం నిషేధించింది. ప్రభుత్వం వద్దన్న పుస్తకాన్ని కుర్రవాళ్ళు ఊరుకుంటారా! 1927 నాటి చలంగారి 'మైదానం' మీద ఇళ్ళల్లో పెద్దవాళ్ళే నిషేధం పెట్టారు. భూగోళం పుస్తకం అట్ట తొడిగి చదివామని మా బాబాయి ముసలితనంలో కూడా గొప్పగా చెప్పుకునేవాడు. ఏ పుస్తకం ఎందుకు చదవకూడదో పెద్దలు చెబుతుంటే, ఏది తప్పకుండా చదవాలో విద్యార్థులకి తెలిసిపోయేదన్నమాట.

అయితే పుస్తకం పేరు తెలిస్తే సరిపోదు, దొరకాలిగా. ఆ పని చేసినవాళ్ళకి మనం చేతులెత్తి దణ్ణం పెట్టాలి. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. బెజవాడలో 1911లో రామమోహన గ్రంథాలయం వచ్చింది. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం స్థాపించి ఊరూరా తిరిగారు. 1930లలో మా తెనాలి ప్రాంతపు కాలువల మీద పుస్తకాలు పడవలెక్కి ఊళ్ళకి వచ్చేవంటే మీరు నమ్ముతారా? అటు తెలంగాణలో వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తానే మోసుకుంటూ ఊళ్ళు తిరిగి అమ్మారు.

ఇక శరత్‌బాబు సంగతి చెప్పాలా! తర్వాత 'చందమామ' నడిపిన చక్రపాణిగారు, బొందలపాటి శివరామకృష్ణగారు ఆయన నవలల్ని తెలుగు చేశారు. బెంగాలీ అన్న సంగతే మరిచిపోయి ఆయన్ని మన గుంటూరువాడో కాకినాడవాడో అనుకున్న పాఠకులున్నారు. 1953లో 'దేవదాసు' సినిమా వచ్చేనాటికే కాలేజీ కుర్రాళ్ళలో సగంమంది మనసులో దేవదాసులే.

నేను 1965లో గుంటూరులో పి.యు.సి.లో చేరాను. మా హాస్టల్లో నవలలు నిషేధం. వార్డెనమ్మ రాత్రి తొమ్మిదింటికి దీపాలార్పించి, దిండ్ల కింద తడిమి మరీ వెళ్ళేది. కానీ మా సీనియర్ల దగ్గర ఒక లెక్కల నోటుబుక్కు ఉండేది. ముందు పేజీల్లో నిజంగా లెక్కలే. వెనకనుంచి తిప్పితే నవలల పేర్లు. చదివిన పిల్ల తనకి నచ్చిన పుస్తకం పేరు రాసి, పక్కన గుర్తు పెట్టాలి. ఒక టిక్కు పెడితే ఫరవాలేదని, రెండు పెడితే వెంటనే చదవమని. చేతిరుమాలు బొమ్మ వేస్తే ఏడవడానికి సిద్ధపడి మొదలెట్టమని! కోడూరి కౌసల్యాదేవిగారి 'చక్రభ్రమణం'కి నాలుగు చేతిరుమాళ్ళు ఉండేవి. ఆంధ్రప్రభ వారపత్రిక పోటీలో బహుమతి పొంది, 1964లో 'డాక్టర్ చక్రవర్తి' సినిమాగా వచ్చిన నవల అదే. రంగనాయకమ్మగారి నవలల పక్కన గుర్తుల కన్నా తగాదాలే ఎక్కువ రాసి ఉండేవి. ఒకమ్మాయి "అలాంటి మొగుడితో కాపురం ఎందుకు?" అని రాస్తే, కింద ఇంకో చేతిరాత "ఎక్కడికి పోతుందే పాపం?" అని.

పుస్తకాలు బజారులో అద్దె కొట్టునుంచి వచ్చేవి. రోజుకి పది పైసలు. నలుగురం కలిసి ఒక పుస్తకం తెచ్చి ఒక రాత్రిలో ముగించేవాళ్ళం. ఒకతె చదువుతుంటే ముగ్గురు వినడమూ, వార్డెనమ్మ చెప్పుల చప్పుడు వినిపిస్తే అందరం గురక పెట్టడమూ! ఎమెస్కోవాళ్ళ పాకెట్ పుస్తకాలు కొనగలిగిన పిల్ల మా దృష్టిలో జమీందారిణి.

అందరికన్నా రాణి మాత్రం యద్దనపూడి సులోచనారాణిగారే. 'సెక్రటరీ' 'జ్యోతి' మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. సీనియర్లు నెలనెలా ఆ కాగితాలు చించి దాచిన కట్ట ఒకటి గదినుంచి గదికి తిరుగుతూ నా చేతికొచ్చింది. "ఇది చదవవే!" అన్న ఒక్క మాటే దానితోపాటు వచ్చిన పీఠిక. నేను చదివి వారం రోజులు నేలమీద నడవలేదు. అంతా హీరో రాజశేఖరం ధ్యాసే!

దసరా సెలవులకి ఇంటికెళ్తూ ఆ కట్ట పెట్టెలో అడుగున పెట్టుకెళ్ళాను. మా అమ్మ ఉతికే బట్టలు తీస్తుంటే బయటపడింది. నా గుండె ఆగిపోయింది. అమ్మ ఏమీ అనలేదు. అయిదో క్లాసుతో చదువాపేసి, పదమూడో ఏట కాపురానికొచ్చిన మనిషి. రాత్రి నాన్నగారు పడుకున్నాక వంటింట్లో బుడ్డి దీపం ముందు కూర్చుని, పెదవులు కదుపుతూ చదవడం చూశాను. నాలుగు రాత్రులు పట్టింది. అయిదోనాడు విడి కాగితాలన్నీ దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసి నా చేతిలో పెట్టింది.

"బాగుందా అమ్మా?" అన్నాను భయంభయంగా.

"బాగుంది. ఆ పిల్ల సొంతంగా ఉద్యోగం చేసుకుంటోంది కదే" అంది.

నేను నివ్వెరపోయాను. ఇద్దరం చదివింది ఒకే నవల. నాకు హీరో కనిపించాడు, ఆవిడకి జయంతి వెళ్ళే ఆఫీసు కనిపించింది.

1967 వేసవిలో రేపల్లెనుంచి నాకొక సంబంధం వచ్చింది. అబ్బాయి బుద్ధిమంతుడే, కానీ చదువు మాన్పించెయ్యాలన్నారు. నాన్నగారు సరేనన్నారు. అప్పటివరకూ ఆయన ఎదుట గట్టిగా మాట్లాడి ఎరగని అమ్మ, వంటింటి గుమ్మం పట్టుకుని, "దాని బి.ఏ. అవనివ్వండి. చేతిలో ఒక ఉద్యోగం ఉంటే తర్వాత మీరు చెప్పినట్టే చేద్దాం" అంది. ఇంట్లో రెండు రోజులు ఎవరూ మాట్లాడుకోలేదు. మూడోనాడు నాన్నగారు ఆ సంబంధం వద్దని ఉత్తరం రాశారు. తర్వాత నేను చదివాను, లెక్చరర్నయ్యాను. ఒక నవల వల్లే ఇదంతా జరిగిందంటే అతిశయోక్తి. అమ్మ మనసులో ఆ మాట ఎప్పటినుంచో ఉండే ఉంటుంది. కానీ పైకి అనడానికి ఒక పిల్ల ఉద్యోగానికి వెళ్ళడం ఆవిడ ఒకసారి కళ్ళతో చూడాల్సి వచ్చింది కాబోలు.

ఇంత జరిగిన నేను, లెక్చరర్నయ్యాక ఏం చేశానో తెలుసా? 1980లలో ఒకనాడు క్లాసులో ఒకమ్మాయి బెంచీ కింద పెట్టుకుని చదువుతున్న యండమూరి వీరేంద్రనాథ్‌గారి 'తులసిదళం' లాక్కున్నాను. ఇలాంటివి చదివితే బుర్ర పాడవుతుందని పది నిమిషాలు ఉపన్యాసం దంచాను. అచ్చం మా వార్డెనమ్మ గొంతే! రాత్రి ఊరికే తిరగేద్దామని తెరిచి, తెల్లవారుజామున మూడింటికి మూశాను. పెరట్లోకి వెళ్ళాలంటే మావారిని లేపవలసి వచ్చింది. మర్నాడు పుస్తకం తిరిగిచ్చేస్తూ, "దీనికి తర్వాతది కూడా ఉందటగా?" అని మెల్లిగా అడిగాను. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక చచ్చింది. వారం తిరక్కుండా 'తులసి' నా బల్లమీదకి వచ్చింది.

ఇంగ్లీషు నవలల రుచి నాకు మాలతీ చందూర్‌గారి 'పాత కెరటాలు' చూపించింది. ఏ ఊళ్ళో ఉన్న ఇల్లాలికైనా ఆవిడ నవల కథంతా అక్కలా దగ్గర కూర్చుని చెప్పేవారు. ఆవిడ 2013లో, సులోచనారాణిగారు 2018లో వెళ్ళిపోయారు. అద్దె కొట్లు అంతకుముందే మూతపడ్డాయి.

మర్నాడు పొద్దున్న పెట్టెలోంచి అమ్మ కుట్టిన కట్ట తీసి మనవరాలికిచ్చాను. కాగితాలు పసుపురంగు తిరిగాయి, అంచులు పొడిపొడి అవుతున్నాయి. "ఇది చదవవే!" అన్నాను, అంతకంటే ఏం చెప్పలేదు.

రాత్రి రెండింటికి దాని గదిలో లైటు వెలుగుతూనే ఉంది. పొద్దున్నే కళ్ళు నులుముకుంటూ వచ్చి, "ఏమిటి అమ్మమ్మా, మీ హీరోకి అంత పొగరు? నాకస్సలు నచ్చలేదు. అయినా ఆపలేకపోయాను. కాలేజీలో దీని గురించే మాట్లాడతాను. నచ్చలేదని చెప్పొచ్చా?" అంది.

"చెప్పు. ఎందుకు నచ్చలేదో కూడా చెప్పు" అన్నాను. ఆ లెక్కల నోటుబుక్కు ఇప్పుడెక్కడుందో గానీ, ఉంటే ఇది కూడా కింద రాయించేదాన్ని.