మార్షల్ వంతెన దగ్గరి కొత్త ఊరు

ఐర్లాండ్ ఆగ్నేయాన, బారో నది ఒడ్డున ఉన్న న్యూ రాస్‌కు వచ్చేవాళ్ల చూపు ముందుగా రేవులో లంగరేసిన డన్‌బ్రాడీ మీదే పడుతుంది. మహా కరువు కాలంలో జనాన్ని అమెరికాకు చేర్చిన ఓడకు అది నమూనా. అధ్యక్షుడు కెనెడీ ముత్తాత ఈ ప్రాంతం విడిచిపోయిందీ అప్పుడే, 1848లో. గుండెను పిండే కథే. కానీ వలసపోయినవాళ్ల ఊరుగానే న్యూ రాస్‌ని చూసి వెనుదిరిగితే దానికి అన్యాయం చేసినట్టే. సముద్రం నుంచి సుమారు 30 కిలోమీటర్లు లోపలికి అంత పెద్ద రేవు అసలెందుకు వెలిసింది? నది చలవ అనేస్తే సరిపోదు. నది అంతకుముందూ ఉంది. రేవును నిలబెట్టింది మనుషుల పట్టుదల.

1189లో ఇసబెల్ డి క్లేర్‌ను పెళ్లాడిన ఆంగ్లో-నార్మన్ యోధుడు విలియం మార్షల్‌కు ఆమె ద్వారా లీన్‌స్టర్ ప్రాంతం దక్కింది. దగ్గర్లోని మంచి రేవు వాటర్‌ఫర్డ్ మాత్రం ఇంగ్లండ్ రాజుది. అందుకే మార్షల్ బారో మీద వంతెన వేయించి, పక్కనే ఊరు కట్టించాడు. పాత పత్రాల్లో దాని పేరే ‘విలియం మార్షల్ వంతెన దగ్గరి కొత్త ఊరు’. నది సముద్రంలో కలిసే చోట, హుక్ కొనమీద, ఓడలకు దారి చూపే దీపస్తంభం లేచింది. దాని గోడలు 4 మీటర్ల దాకా మందం. 115 మెట్లూ ఆ గోడ లోపలి నుంచే పైకి సాగుతాయి. 800 ఏళ్లకు దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. తన రేవు మీద గట్టి నమ్మకం లేనివాడు అంత దూరాన అంత రాయి పేర్పించడు.

వాటర్‌ఫర్డ్ సముద్రానికి దగ్గర, ఓడలు అక్కడే ఆగాలన్న రాజాజ్ఞలూ దానికి అండ, ఇక న్యూ రాస్ ఎంతటిదని అడగవచ్చు. 1275లో ఉన్ని, తోళ్ల ఎగుమతి మీద మొదలైన సుంకం లెక్కలే జవాబు. తొలి ఏళ్లలో న్యూ రాస్ వాటర్‌ఫర్డ్‌ను మించి కట్టింది. ఊరికి కాస్త ఎగువనే నోర్ వచ్చి బారోలో కలుస్తుంది కాబట్టి కిల్కెన్నీ ఉన్ని నీటిమీదే దిగివచ్చేది. ఇక్కడ ప్రకృతి వాటా ఒప్పుకోవాల్సిందే. అయితే 1265లో ప్రభువుల పోరుకు భయపడి ఊరు గోడకు పూనుకున్నప్పుడు పని చేసింది నది కాదు. నార్మన్ ఫ్రెంచిలో ఉన్న ఒక పద్యం ఆ పని తీరు చెబుతుంది: కందకం తవ్వడానికి వృత్తులవారు రోజుకు కొందరు చొప్పున వంతులు వేసుకున్నారు. ఆదివారం ఆడవాళ్లు రాళ్లు మోశారు.